బండ్ల ఊరి పక్కన పడవల కాలువ

నంద్యాల జిల్లాలో ఆత్మకూరులు రెండు. ఒకటి శ్రీశైలం దారిలో ఉంది. రెండోది నంద్యాలకు ఉత్తరంగా, నల్లమల వైపు ఉంది. ఆ రెండోదాని పేరుకు ముందు ‘బండి’ ఉంది. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయని మనవాళ్లు అంటూనే ఉంటారు గానీ, ఆ మాటను అక్షరాలా అమలు చేయబోయిన ఊళ్లు ఎన్నో ఉండవు. బండి ఆత్మకూరు చుట్టుపక్కల ఆ పని జరిగింది. సముద్రానికి ఇంత దూరంలో, కొండల నడుమ, సరుకు పడవలు తిరగాలని ఒక కాలువ తవ్వారు.

అదే కర్నూలు–కడప కాలువ. రైతుల నోట కేసీ కెనాల్. ఇవాళ దాని పేరు చెబితే వరి మడి గుర్తొస్తుంది. మండలంలో సంతజూటూరు దగ్గర ఆనకట్ట కట్టి కాలువ నీళ్లను మళ్లీ పట్టుకుని కిందికి పంపుతారు. ఆ కట్ట మీద నిలబడి చూస్తే పడవ ఆనవాలు ఏదీ కనిపించదు. కాలువ పొడవునా మరో పేరు మాత్రం గుట్టు విప్పుతుంది: లాకిన్‌సుల. నీటి విడుదల వార్తల్లో తరచూ వినపడే ఆ పేరులోనే లాకు ఉంది. లాకు పడవ కోసం కట్టేది. పొలానికి నీళ్లివ్వడానికి తూము చాలు.

ఈ కాలువను డచ్చివాళ్లు తవ్వారని అక్కడక్కడా అంటుంటారు, రాస్తుంటారు కూడా. కాదు. తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. లండన్‌లో వాటాలమ్మి పది లక్షల పౌన్ల మూలధనం పోగేసింది. దాని మీద ఏటా ఐదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఉంది. అంటే లాభమొస్తే వాటాదారులది, రాకపోతే మన పన్నులది. వెనక ఉన్న ఊహ ఆర్థర్ కాటన్‌ది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టించి గోదావరి డెల్టా తీరు మార్చిన ఆ ఇంజినీరుకు ఒక గట్టి నమ్మకం ఉండేది: ఇండియాకు రైళ్లకన్నా పడవల కాలువలే మేలు. తుంగభద్ర నుంచి పెన్నాకు, పెన్నా మీదుగా తూర్పు తీరానికి జలమార్గం వేయాలని ఆయన తలపెట్టాడు. 1863లో పని మొదలైనప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం సాగుతోంది, లంకాషైర్ మిల్లులు పత్తి కోసం మొహం వాచి ఉన్నాయి. నంద్యాల వైపు నల్లరేగడిలో పండే పత్తి మీద వాటి కన్ను పడడంలో వింత లేదు.

పడవ మీద కాటన్‌కున్న నమ్మకం గుడ్డిది కాదు. లెక్క వేసి చూద్దాం.

అప్పట్లో సీమకు ఉప్పు వచ్చేది ఎక్కువగా పెరిక ఎద్దుల మీద. లంబాడీలు వందల ఎద్దులను తోలుకుని తీరం నుంచి ఉప్పు తెచ్చి, తిరిగి ధాన్యం తీసుకెళ్లేవాళ్లు. ఒక ఎద్దు వీపున 120 కిలోలు వేశామనుకుందాం. ఇరవై టన్నుల సరుకుకు 167 ఎద్దులు కావాలి. బండి కడితే మేలు. డెబ్భై ఐదు కిలోల బస్తాలు పన్నెండు ఎత్తితే బండి నిండుతుంది, ఇరవై టన్నులకు 23 బండ్లు, 46 ఎద్దులు, 23 మంది తోలేవాళ్లు. అదే ఇరవై టన్నులు ఒక మామూలు కాలువ పడవలో పడతాయి. లాగడానికి కట్ట మీద ఇద్దరో ముగ్గురో, చుక్కాని దగ్గర ఒకరు.

ఇందులో మాయ ఏమీ లేదు. బండి బరువును నేల మోస్తుంది, చక్రం దిగబడిన ప్రతి గుంతలోంచి ఎద్దు దాన్ని పైకి లాగాలి. పడవ బరువును నీళ్లు మోస్తాయి. ఎంత బరువు వేస్తే అంత బరువైన నీటిని పడవ పక్కకు నెడుతుంది, అక్కడితో లెక్క సరి. పదిహేను మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న పడవను తీసుకోండి. ముందూ వెనకా సన్నబడుతుంది కాబట్టి నీటి మీద అది పరుచుకునే చోటు దాదాపు 36 చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు దిగాలంటే 360 కిలోలు వేయాలి. దగ్గర దగ్గర ఐదు బస్తాలు. రేవులో ముఠా కూలీలు బస్తాలు దించుతుంటే సరంగు లెక్క పుస్తకం చూడనక్కర్లేదు, పడవ అంచున తడి గీత చూస్తే చాలు. ఐదు బస్తాలకు ఒక చిటికెన వేలి మందం. ఇరవై టన్నులకు మూరెడుకన్నా కాస్త ఎక్కువ.

ఆ పడవే సముద్రపు ఉప్పునీళ్లలోకి వెళ్తే కాస్త పైకి లేస్తుంది. ఉప్పునీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువు. మొత్తం ఎనభై సెంటీమీటర్లు మునిగి ఉన్న పడవ రెండు సెంటీమీటర్లు తేలుతుంది, పది బస్తాలు ఎవరో ఎత్తుకుపోయినట్టు. ఓడల పక్కన గుండ్రంగా, అడ్డంగా గీతలు గీసి ఉండటం మీరు చూసే ఉంటారు. సరుకు ఇంతకు మించి వేయొద్దన్న ఆ హెచ్చరిక గీత కోసం శామ్యూల్ ప్లిమ్సాల్ అనే సభ్యుడు బ్రిటిష్ పార్లమెంటులో గొడవ చేసి 1876లో చట్టం తెప్పించాడు. ఆ గీతల్లో మంచినీటి గీత ఉప్పునీటి గీతకన్నా పైన ఉంటుంది. కారణం ఈ రెండు సెంటీమీటర్లే.

ఇంతవరకు కాటన్‌దే గెలుపు. ఇప్పుడు పడవను కాలువలోకి దించుదాం.

కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్రలో పుడుతుంది. కర్నూలు దగ్గర హంద్రీ నదిని వంతెన మీద దాటుతుంది. పడవ కింద కాలువ, కాలువ కింద ఇంకో నది! ఆ తర్వాత మిట్టకందాల దగ్గర మిట్టను లోతుగా కోసి కృష్ణా పరీవాహకం నుంచి పెన్నా పరీవాహకంలోకి దిగుతుంది. నదుల అనుసంధానం అని ఇవాళ మనం మాట్లాడుకునే పనిని 1870 నాటికే చేసి చూపించారన్నమాట. అక్కడి నుంచి నిప్పులవాగు, గాలేరు, కుందూ లోయల వెంట నంద్యాల మీదుగా కడపకు వెళ్తుంది. మొత్తం 306 కిలోమీటర్లు. సుంకేసుల పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 292 మీటర్లు, కడప 138 మీటర్లు. దారిలో పడవ దిగాల్సింది 150 మీటర్లకు పైనే.

మెట్లు దిగలేని పడవను మెట్టు దించే యంత్రమే లాకు. చైనాలో పెద్ద కాలువ మీద 984లోనే చియావో వెయ్‌యుయే అనే అధికారి రెండు తలుపుల లాకు కట్టించాడు. గోదావరి జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు, వాళ్లు లాకుల పక్కన పుట్టి పెరిగినవాళ్లే. మిగతావాళ్ల కోసం ఒక్కసారి: ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత, మధ్యలో రాతి గోడల గది. పడవ ఎగువ నుంచి గదిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. దిగువ తలుపుల్లోని చిన్న తూము తెరుస్తారు. గదిలో నీళ్లు కిందికి పోతుంటే పడవ కూడా నిలబడ్డచోటే దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక తలుపులు తెరుచుకుంటాయి.

తలుపులు ‘తెరుస్తారు’ అనకుండా ‘తెరుచుకుంటాయి’ అన్నాను. ఐదు మీటర్ల వెడల్పు గదిలో రెండున్నర మీటర్ల మట్టం తేడా ఉంటే తలుపుల మీద పడే ఒత్తిడి పదిహేను టన్నులు దాటుతుంది. ఏనుగును కట్టినా కదలవు. తలుపులు ఎగువ వైపు కోణంగా, నమస్కారం పెట్టిన చేతుల్లా కలుసుకుంటాయి కాబట్టి నీళ్లు ఎంత తోస్తే అంత గట్టిగా బిగుసుకుంటాయి. మట్టం సమానమైన మరుక్షణం ఆ పదిహేను టన్నులూ మాయం. ఒక మనిషి దూలానికి వీపు ఆనించి నెడితే చాలు.

ఇక్కడే చిక్కు మొదలైంది.

గది ముప్పై మీటర్ల పొడవుందనుకుంటే, ఒక్కసారి పడవ దిగడానికి 375 ఘనపు మీటర్ల నీళ్లు ఎగువ నుంచి దిగువకు పోతాయి. ఎకరం మడిలో రెండంగుళాల నీళ్లు పెట్టడానికి 205 ఘనపు మీటర్లు కావాలి. అంటే ఒక పడవ లాకు దిగిన ప్రతిసారీ ఎగువ రైతుకు దాదాపు రెండెకరాల తడి దాటిపోతుంది. ఆ నీళ్లు వృథా కావు, నిజమే, కింది రైతుకు పోతాయి. ఈ సముదాయింపు ఎగువ రైతుకు చెప్పి చూడండి!

అంతకన్నా పెద్ద చిక్కు ప్రవాహానిది. పొలానికి కావలసింది పారే నీళ్లు. పడవకు కావలసింది నిలిచే నీళ్లు. ఒకే కాలువ రెండు పనులూ చేయాలంటే ఎవరో ఒకరు సర్దుకోవాలి. దీన్ని మీరు ఒక వేపాకుతో తేల్చుకోవచ్చు. కేసీ కెనాల్‌లో నీళ్లు వదిలినప్పుడు కట్ట మీద యాభై మీటర్లు కొలుచుకుని, ఎగువ చివర ఆకు వేసి, వాచీ చూస్తూ పక్కన నడవండి. ఆకు తొంభై సెకన్లలో అవతలి గుర్తు చేరితే నీటి వేగం గంటకు రెండు కిలోమీటర్లు. అది పైనీటి వేగం, అడుగున మట్టి పట్టుకుని ఆపుతుంది కాబట్టి సగటు తక్కువే. ఇంజినీర్లు పైవేగాన్ని 0.85తో గుణించి సరిపెడతారు. పడవ తేలేది పైనే గనక మనకు రెండు కిలోమీటర్లే లెక్క.

నిలిచిన నీళ్లలో గంటకు మూడు కిలోమీటర్లు పోయే పడవ ఈ కాలువలో దిగువకు ఐదు పోతుంది. ఎగువకు ఒకటే. ముప్పై కిలోమీటర్ల దారి దిగువకు ఆరు గంటలు, ఎగువకు ముప్పై గంటలు. ‘గట్టిగా లాగితే సరిపోదా’ అంటారేమో. నీటిలో అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఎగువకు కూడా గంటకు మూడు కిలోమీటర్లు పోవాలంటే నీటిని ఐదు కిలోమీటర్ల వేగంతో చీల్చాలి, తాడు మీద లాగుడు దాదాపు మూడింతలవుతుంది. ఇరుకు కాలువలో పడవ నెట్టిన నీళ్లు పక్కకు పోయే చోటు లేక అది ఇంకా పెరుగుతుంది. కట్ట మీద తాడు భుజానికి తగిలించుకున్నవాడికి ఈ సూత్రం చెప్పక్కర్లేదు.

సముద్రం మీద తిరిగే చిన్న సరుకు ఓడకు ఈ కష్టం వేరుగా ఉంటుంది. కోరంగిలో, తాళ్లరేవులో కట్టిన తెరచాప దోనెలు తీరం వెంట మద్రాసుకు, సముద్రం దాటి సింహళానికి, బర్మాకు సరుకు మోశాయి. వాటికి గాలే ఇంధనం. నైరుతి గాలి పైకి తీసుకెళ్తుంది, ఈశాన్య గాలి కిందికి తెస్తుంది. బంగాళాఖాతం తీరం వెంట నీటి ప్రవాహం కూడా ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ఆరు నెలలు ఓపిక పడితే పోయినదారినే ప్రకృతి వెనక్కి తెస్తుంది. దాని బాకీ తుపాను రూపంలో వసూలు చేస్తుందనుకోండి. 1839 నవంబరులో కోరంగికి అదే జరిగింది. కర్నూలు–కడప కాలువలో నీళ్లు మాత్రం ఒక్క ఏడాదైనా దిక్కు మార్చుకోలేదు.

ఓడ రేవుకు వచ్చినప్పటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కాలువ విలువ తేలేది అక్కడే. కాకినాడ దగ్గర గోదావరి తెచ్చే ఒండ్రుతో తీరం లోతు లేకుండా పోయింది. పెద్ద ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ అలలకు అడ్డు నిలిస్తే, దాని చాటున లంగరేసి నిలబడేది. సరుకు ఒడ్డు నుంచి చిన్న నావల్లో ఓడ దగ్గరికి పోవాల్సి వచ్చేది. ఆ చిన్న నావకు సరుకు ఎక్కడి నుంచి వచ్చేది? డెల్టా కాలువల్లోంచి. పొలం గట్టు దగ్గర పడవలో వేసిన బస్తా మళ్లీ నేల చూడకుండా ఓడ చేరగలిగేది. ఒక్కసారి ఎత్తి ఒక్కసారి దించడం అన్నది సరుకు రవాణాలో సగం లాభం, పడవ నీటి మీద చూపే పొదుపు అంతా ఎత్తి దించే కూలిలో పోతే ఇంకేం మిగలదు.

అందుకే కాటన్ ఊహ గోదావరి దగ్గర పండింది. రాజమండ్రి సముద్రమట్టానికి పద్నాలుగు మీటర్ల ఎత్తున ఉంది, కాకినాడ అరవై కిలోమీటర్ల దూరం. అంటే కిలోమీటరుకు పావు మీటరు కూడా వాలు లేదు. కేసీ కెనాల్ సగటు వాలు దానికి రెండింతలు. డెల్టాలో ధాన్యం దిగువకు, ఉప్పు ఎగువకు, రెండు వైపులా పడవ నిండేది. జనం కూడా రాదారి పడవల్లో రాత్రంతా నిద్రపోతూ తెల్లారేసరికి ఊరు చేరేవాళ్లు. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువను కలిపి మద్రాసు దాకా సాగిన బకింగ్‌హాం కాలువదీ అదే తీరు. 1806లో మద్రాసు–ఎన్నూరు మధ్య చిన్నగా మొదలై, 1876–78 కరువులో కూలీల చేత పొడిగించగా పెరిగింది. తీరం వెంట సమతలంగా పోయే ఆ కాలువలో పడవలు వంట చెరకు, ఉప్పు, ధాన్యం మద్రాసుకు చాలాకాలం చేర్చాయి.

సీమ కాలువకు ఈ అదృష్టాలు ఒక్కటీ లేవు. అది కడప దగ్గర ఆగింది. సముద్రం దాకా వెళ్లాల్సిన మిగతా ముక్క కాగితం దాటలేదు. పైనుంచి కిందికి వచ్చిన పడవ కడపలో సరుకు దించి బండికెత్తాలి, లేదా రైలుకెత్తాలి. ఆ రైలేమో కాలువతో పోటీకి ఎప్పుడో వచ్చేసింది. మద్రాసు నుంచి కడప మీదుగా పోయే రైలుమార్గం 1871కే రాయచూరు చేరి బొంబాయి మార్గాన్ని కలుసుకుంది. ఆ శతాబ్దం ముగిసేలోపు గుంతకల్లు–బెజవాడ మార్గం నంద్యాలకే వచ్చి కూర్చుంది. ఇక వేసవిలో తుంగభద్ర ఎండితే కాలువ ఎండుతుంది, పడవ బురదలో కూర్చుంటుంది. రైలు పట్టాలు ఎండవు.

పోనీ సాగునీటి మీదైనా కంపెనీ గట్టెక్కిందా అంటే అదీ లేదు. తప్పు రైతుది కాదు. నల్లరేగడి మట్టిలోని బంక రేణువులు నీరు తాగి ఉబ్బుతాయి, ఆ తేమను నెలల తరబడి వదలవు. ఒక మంచి వాన పడితే జొన్న, కొర్ర, పత్తి ఆ తేమ మీదే పండుతాయి. అలాంటి నేలకు డబ్బిచ్చి కాలువ నీళ్లు పెడితే మడి జవుకెక్కుతుందని కుందూ లోయ రైతు జంకాడు. మామూలు ఏళ్లలో నీళ్లు కొనలేదు. వాన మొహం చాటేసిన 1876–78లో అదే కాలువ కోసం ఎగబడ్డాడు. ఆ కరువు కర్నూలు జిల్లాను ఎంతగా తినేసిందంటే 1871కీ 1881కీ మధ్య జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆకలితో చచ్చిపోయేవాడికి కాలువ విలువ తెలిసిందని రాసిన ఇంజినీర్లున్నారు. నాకు ఆ మాట రుచించదు. రైతుకు ముందూ తెలుసు, ఏ నేలకు ఎప్పుడు నీళ్లు కావాలో.

1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కాటన్ తన కాలువల పక్షాన వాదించాడు. కరువుకు రైళ్లు విరుగుడు కావని, నీళ్లు పంట పండించడమే కాక ఆ పంటను మోయగలవని ఆయన వాదం. సగం సరైన వాదం. కాకినాడకు సరిపోయిన కొలతతో కడపకు చొక్కా కుట్టడం మిగతా సగం. 1882లో ప్రభుత్వం కాలువను కంపెనీ నుంచి కొనేసింది. పడవలు ఆ తర్వాత కూడా కొంతకాలం సాగి, 1933 నుంచి కాలువ పూర్తిగా సాగునీటికే మిగిలింది.

పడవ ఓడిపోయాక కాలువ గెలవడం మొదలైంది. దాని ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు, కేటాయింపు 39.9 టీఎంసీలు. నీళ్లు కొనడానికి జంకిన లోయలోనే ఇవాళ సన్నబియ్యం పండుతోంది. కర్నూలు సోనా అంటే హైదరాబాదు అంగళ్లలో ఒక మెట్టు ఎక్కువ ధర. 2009 అక్టోబరు వరదలో సుంకేసుల దెబ్బతింటే జనం అడిగింది పంట గురించే. పడవ మాట ఎత్తినవాళ్లు లేరు.

కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలను కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016 చట్టం దేశంలో మొత్తం 111 జలమార్గాలను లెక్కకు తెచ్చింది. తుంగభద్ర, పెన్నా కూడా అందులో ఉన్నాయి. ఆ రెంటినీ కలిపిన కర్నూలు–కడప కాలువ లేదు. బండి ఆత్మకూరు ధాన్యం లారీలోనే పోతోంది.